కళ్ళు మూసుకుని కట్టిన కోట

ఒక ఒంటె, ఒక ఏనుగు, ఒక హాలు, ఒక స్నేహితుడి పలకరింపు. వీటన్నిటినీ ఒకే ఆదివారం సాయంత్రం, ఒకే కుర్చీలో కూర్చుని, ముందు పెట్టిన టీ చల్లారకముందే పోగొట్టుకున్న మనిషిని మీరెక్కడైనా చూశారా? చూడకపోతే ఇటు చూడండి. నేనే. నన్నెవరూ మోసం చేయలేదు, మత్తుమందు పెట్టలేదు. నా సర్వనాశనాన్ని దగ్గరుండి, చిరునవ్వుతో, మధ్యమధ్య వ్యాఖ్యానం కూడా చెబుతూ నేనే జరిపించుకున్నాను.

మాది మల్కాజ్‌గిరిలో ఒక మధ్యరకం అపార్ట్‌మెంటు. సెల్లార్లో పార్కింగు, దానిపైన ఒక మూలకి అసోసియేషన్ హాలు. ప్రతి ఆదివారం సాయంత్రం ఆ హాల్లో మేం ఆరుగురం చదరంగం ఆడేవాళ్ళం. ఈ ఆటల జట్టుని మొదలుపెట్టినవాడు యాదగిరి. అతనికి సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర సెల్‌ఫోన్లు బాగుచేసే చిన్న దుకాణం ఉంది. వారమంతా కంటికి భూతద్దం తగిలించుకుని, మెడ వంచి, చీమ తలంత స్క్రూలతో కుస్తీ పట్టే మనిషి. ఆదివారం మాత్రం మధ్యాహ్నమే షట్టర్ దించేసి, చంకలో చదరంగం పెట్టె పెట్టుకుని, అందరికంటే ముందే హాలు ముందు నిలబడేవాడు. "వారానికి గీ ఒక్క పూటనే నాదన్నా. మిగిలినయన్నీ గిరాకీలయి" అనేవాడు.

ఇది గుర్తుంచుకోండి. నేను మాత్రం సమయానికి మరిచిపోయాను.

నా ఆట సంగతి చెప్పాలంటే, అప్పటికి నేను ఓడిపోవడంలో మంచి అనుభవం ఉన్నవాణ్ణి. ముఖ్యంగా నల్లపావులు వచ్చినప్పుడు. తెల్లపావులవాళ్ళు మంత్రి ముందున్న బంటుని రెండు గళ్ళు తోసి కూర్చుంటే చాలు, ఇంటద్దె పెంచమని ఓనరు గుమ్మంలో నిలబడ్డట్టు నాకు చెమటలు పట్టేవి. అలాంటి రోజుల్లో ఒక ఉదయం, ఆఫీసుకి వెళ్దామని లోకల్ రైలు కోసం ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉండగా, ఫోన్లో ఒక వీడియో తగిలింది. కింగ్స్ ఇండియన్ డిఫెన్స్. పేరులో ఇండియన్ అని ఉండడంతో ముందు చుట్టరికం కలిసింది. తర్వాత చెప్పింది విని ప్రాణం లేచొచ్చింది. తెల్లవాళ్ళు మంత్రి బంటుతో మీదికొస్తే మనం వెంటనే తగువుకి దిగనక్కర్లేదట. ముందు మన ఇల్లు మనం కట్టుకోవాలట. గుర్రాన్ని బయటికి తేవాలి. దాని పక్క బంటుని ఒక గడి తోయాలి. ఆ సందులోంచి ఒంటెని బయటికి తీయాలి. మధ్యలో ఒక బంటుని ఆసరాగా పెట్టాలి. చివరికి కోట కట్టాలి, అంటే రాజు రెండు గళ్ళు మూలకి జరిగితే, ఆ మూలనున్న ఏనుగు అతన్ని దాటొచ్చి పక్కన కాపలా నిలబడుతుంది. మొత్తం ఐదే ఎత్తులు. "తెల్లవాళ్ళు ఎలా ఆడినా దాదాపుగా ఇదే వరస" అన్నాడు వీడియోలో ఆయన.

సరిగ్గా అప్పుడు రైలొచ్చింది. ఎక్కి, వేలాడి, దిగి, ఆఫీసులో పడ్డాను. వీడియో మిగతా సగం "కానీ" అనే మాటతో మొదలవుతుందని నాకు తెలియదు. "దాదాపుగా" అనే మాట కూడా రైలు చప్పుడులో కొట్టుకుపోయింది.

ఆ తర్వాత నెలరోజులు మా ఇంట్లో ఎవరికీ మనశ్శాంతి లేదు.

"ఏమండీ, చట్నీలో ఉప్పు సరిపోయిందా?" అనేది నా భార్య సుజాత.

"సుజాతా, అసలు సంగతేమిటంటే, ఎదుటివాడు ఏం చేసినా సరే, మన ఐదు ఎత్తులూ మనవే."

"ఉప్పు సంగతి చెప్పండి."

"ముందు గుర్రం."

ఆమె గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయేది. అదృష్టం ఏమిటంటే ఆ నెలలో నేను రెండు మూడు ఆటలు గెలిచాను. అదృష్టం అన్నాను గాని, నా జీవితంలో నాకు జరిగిన పెద్ద అపకారం ఆ రెండు మూడు గెలుపులే.

ఇక్కడ రూతమ్మ టీచర్‌గారు ప్రవేశిస్తారు. మా రెండో అంతస్తులో ఉంటారు. ఆడపిల్లల బడిలో హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరయ్యారు. చర్చిలో పాటల బృందాన్ని ఆవిడే నడిపిస్తారు. మా సుజాత అందులో పాడుతుంది. క్రిస్మస్ దగ్గరపడుతోంది. పాపం, వాళ్ళు సెల్లార్లో స్కూటర్ల మధ్య నిలబడి సాధన చేసేవాళ్ళు. శ్రావ్యంగా ఒక చరణం అందుకునేసరికి ఎవరిదో కారు వెనక్కి వస్తూ పీ పీ అని తన పాట అందుకునేది. దాంతో టీచర్‌గారు అసోసియేషన్ ప్రెసిడెంటు మూర్తిగారిని అడిగారు, ఆదివారం సాయంత్రాలు హాలు మాకివ్వగలరా అని.

మూర్తిగారు గోదావరి మనిషి. ఎవరి మనసూ నొప్పించకుండా అందరికీ చురకలు పెట్టగల నేర్పరి. ఒక ఆదివారం సాయంత్రం రెండు పక్షాలనీ హాల్లో కూర్చోబెట్టారు.

"చూడండి ప్రభాకర్‌గారూ, నాదేం లేదండి. అసలు ఈ హాల్లో మీరు ఆడేదెంత, మిర్చిబజ్జీలు తినేదెంత అని కొందరికి అనుమానంగా ఉందండి."

నాకు చురుక్కుమంది. "బజ్జీల మాట ఎందుకండీ. ఇది సాధన. మేం ఇప్పుడు కింగ్స్ ఇండియన్ డిఫెన్స్ దాకా వచ్చాం."

"అదేంటి బాబూ?" అని అడిగారు రూతమ్మగారు. ఎగతాళికి కాదు. ఆవిడకి నిజంగానే ఏదైనా తెలుసుకోవాలని ఉంటుంది. లిఫ్టు బాగుచేసేవాడొస్తే పక్కన కుర్చీ వేసుకుని కూర్చునే మనిషి.

అడిగితే ఆగుతానా? నిలబడి మరీ చెప్పాను. ఆవిడ అంతా విని, "మరి ఎదుటివాళ్ళు ఏం ఆడారో చూడక్కర్లేదా?" అన్నారు.

"ఐదు ఎత్తుల దాకా అక్కర్లేదు టీచర్‌గారూ. నేనైతే గోడకి తిరిగి కూడా ఆడగలను."

"అలాగా. నాకు ఆట కొద్దిగా వచ్చు. మా చెల్లెలు పోయిన వారమే నేర్పింది. ఎవరు ఎటు నడుస్తారో తెలుసు, అంతే."

ఇక్కడ, పాఠకులారా, ఏ మాత్రం ఇంగితం ఉన్నవాడైనా నవ్వేసి కూర్చునేవాడు. నా నోటికి ఆ అలవాటు లేదు.

"అయితే మీరూ నేనూ ఒక ఆట ఆడదాం. నేను నల్లపావులు తీసుకుంటాను. మీరు గెలిస్తే హాలు ఈ సాయంత్రం నుంచే మీది. నేను గెలిస్తే మళ్ళీ ఈ ప్రస్తావన రాకూడదు."

యాదగిరి నా చొక్కా పట్టుకుని కిందికి గుంజాడు. "అన్నా, జెర ఆగరాదే. హాలు నీ ఒక్కనిదా? మమ్మల్ని అడగవా?"

"అడిగేదేముంది యాదగిరీ, గెలిచేదేగా."

"గెలుస్తవ్ సరే. ఓడితే యాడ కూసుందం?"

"ఓడటమా? ఆవిడ నేర్చుకుని వారమైందయ్యా."

యాదగిరి తన పెట్టె తెరిచి, తనే పావులు పేర్చాడు. ఆ పేర్చడంలో ఒక దిగులు ఉందని ఇప్పుడనిపిస్తోంది. అప్పుడు నాకు అది క్రమశిక్షణలా కనిపించింది.

పాటల బృందం అంతా చుట్టూ చేరింది. టీ వచ్చింది. నేను కుర్చీని పక్కకి తిప్పుకుని, ముఖం జనం వైపు, కుడిచేయి మాత్రం బల్ల వైపు పెట్టి కూర్చున్నాను. గోడకి తిరుగుతానన్నాను కదా, గోడ కంటే ఈ శ్రోతలు మేలనిపించింది.

"మంత్రి ముందు బంటు, రెండు గళ్ళు" అన్నారు టీచర్‌గారు.

"భలే. సరిగ్గా కావలసిందే. చూశారా, మనం కంగారు పడం. గుర్రం బయటికి." నా చేయి గుర్రాన్ని తీసి పెట్టింది.

ఆవిడా ఒక గుర్రాన్ని తీశారు. నేను బంటుని ఒక గడి తోసి, ఆ బంటు ఎంత వినయంగా నిలబడిందో బృందానికి వివరించాను.

"బాబూ, ఒంటె ఐమూలగా ఎంత దూరమైనా పోతుంది కదూ?"

"పోతుంది టీచర్‌గారూ. దారిలో ఎవరూ అడ్డం లేకపోతే చివరిదాకా పోతుంది."

"అయితే చివరిదాకా పంపి చూస్తాను" అన్నారావిడ, కుతూహలంగా.

పంపారు. బోర్డు అంచుదాకా, అంటే నా ఇంటి గుమ్మంలోకి. ఆ ఒంటెని నేను నా ఒంటెతో ఊరికే, ఉచితంగా, చేయి చాచి తీసేసుకోవచ్చు. ఆట అక్కడితో నాది. చిన్నపిల్లలు కూడా చూస్తారు. కాకపోతే పిల్లలు బోర్డు వైపు చూస్తారు.

"ఇప్పుడు అసలు అందం" అంటూ నేను సుజాత పక్కనున్నావిడకి చెబుతున్నాను, "ఈ సందులోంచి నా ఒంటె ఒక్క అడుగు ముందుకి." నా చేయి నా ఒంటెని తీసి, ఆవిడ ఒంటె నోటిముందు పెట్టింది.

యాదగిరి దగ్గాడు.

"తీసెయ్యొచ్చా మూర్తిగారూ?" అని అడిగారు టీచర్‌గారు మెల్లగా.

"మీ ఇష్టమమ్మా" అన్నారు మూర్తిగారు, అంతకంటే మెల్లగా.

"ప్రతిదీ అడగక్కర్లేదు, మీకు తోచింది ఆడండి" అని నేను ఉదారంగా అనుమతిచ్చాను. ఆవిడ నా ఒంటెని తీసి పక్కన పెట్టారు. యాదగిరి ఈసారి గట్టిగా దగ్గాడు, ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సినంత గట్టిగా.

"గొంతు బాగాలేదా యాదగిరీ? వేడినీళ్ళు తాగు" అని చెప్పి, మధ్య బంటుని ఆసరాగా తోశాను.

"ఏమండీ" అంది సుజాత, "ఒక్కసారి ఇటు చూడండి."

"ఆట మధ్యలో బయటివాళ్ళు మాట్లాడకూడదు సుజాతా. అదొక నియమం."

ఆమె నోరు మూసుకుంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నా మాట అంత త్వరగా విన్నది అప్పుడే. టీచర్‌గారి ఒంటె ఇంకో అడుగు వేసి, మూలనున్న నా ఏనుగుని కూడా మింగి, దాని చోటులో చల్లగా కూర్చుంది.

ఇప్పటికీ నాకు ఆశ్చర్యంగా ఉండేది ఇదే. మనిషి కళ్ళు తెరిచే ఉన్నాడు, చెవులు పనిచేస్తున్నాయి, చుట్టూ ఇంతమంది ఊపిరి బిగబట్టారు. అయినా అతనికి ఏమీ చేరదు. రోజూ వేసే తలుపుకి తాళం వేశామో లేదో వీధి చివర గుర్తురాదు చూడండి, ఆ జాతి వింత ఇది. చేయి తనకు తెలిసిన పని తాను చేసుకుపోతుంది. యజమాని లోపల లేడు. నేను ఆ నిశ్శబ్దాన్ని గమనించకపోలేదు. గమనించాను. నా ప్రసంగానికి ముగ్ధులయ్యారనుకున్నాను.

"చివరిది, అందరూ చూడండి. ఇప్పుడు కోట కడుతున్నాను. రాజు రెండు గళ్ళు ఇటు." జరిపాను. "మూలనున్న ఏనుగు అతన్ని దాటొచ్చి, ఇదిగో, పక్కన కాపలా." మూలకి చేయిపోనిచ్చి, దొరికినదాన్ని పట్టుకుని, రాజుకి ఇవతల పెట్టాను. పట్టుకున్నప్పుడు వేళ్ళకి ఏదో తేడా తెలిసింది. ఏనుగు చిక్కిపోయిందేమిటా అని ఒక్క క్షణం అనుకున్న మాట నిజం.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

"బాబూ" అన్నారు రూతమ్మగారు, "నా ఒంటె."

"మీ ఒంటెకేమైంది?"

"మీ రాజుగారి పక్కన ఉంది."

అప్పుడు తిరిగాను. నల్లటి నా రాజు పక్కన, తెల్లగా, నిటారుగా, ఎంతో బుద్ధిగా టీచర్‌గారి ఒంటె నిలబడి ఉంది. బోర్డు పక్కన నా ఒంటె, నా ఏనుగు పడుకుని ఉన్నాయి. నా ఇంటిని దోచుకున్న దొంగని నేనే చేయిపట్టి తీసుకొచ్చి, కొత్త వాచ్‌మన్ అని రాజుకి పరిచయం చేశాను.

"అంటే, ఎదుటివాళ్ళ ఒంటెతో కూడా కోట కట్టొచ్చా?" అని అడిగారావిడ. నిజంగానే తెలుసుకుందామని. "మా చెల్లెలు ఈ రూలు చెప్పలేదు."

అంతే. మొదట సుజాత నవ్వింది. తర్వాత బృందం మొత్తం, గొంతుల వారీగా, పైస్థాయి వాళ్ళు పైన, కిందిస్థాయి వాళ్ళు కింద, శృతి తప్పకుండా నవ్వారు. వాళ్ళ సాధన అంత బాగుందని నాకు అంతవరకు తెలియదు.

మూర్తిగారు మాత్రం నవ్వలేదు. "నాకు తెలిసినంతవరకు, ముట్టుకున్నారు కాబట్టి రాజునే కదపాలండి. ఆ ఒంటెని మాత్రం దాని మూలలో పెట్టేయండి, అది మనది కాదు కదండి" అన్నారు.

ఇంతవరకు జరిగింది తెలివితక్కువతనం. దాన్ని నేను క్షమించుకోగలను. తర్వాత నేనన్న మాటని ఇంకా క్షమించుకోలేదు. "అబ్బే, ఇది ఊరికే పద్ధతి చూపించడానికి ఆడింది. అసలు ఆట ఇంకా మొదలుపెట్టలేదు" అన్నాను.

నవ్వులు ఆగిపోయాయి. సుజాత తల దించుకుంది.

రూతమ్మగారు ఏమాత్రం తొణకకుండా, "అలాగే బాబూ, మళ్ళీ మొదటినుంచి ఆడదాం. నాకేం తొందర లేదు" అన్నారు.

నేను పావులు సర్దబోయాను. యాదగిరి నా చేయి పట్టుకుని ఆపాడు. "వద్దు టీచరమ్మా. మాటంటే మాటే. హాలు మీదే." తర్వాత నా వైపు తిరిగి, "లే అన్నా" అన్నాడు. ఒక్కొక్క పావునే ఏరి పెట్టెలో వేశాడు. పెట్టె మూత వేసి, చంకలో పెట్టుకుని, ఎవరి వైపూ చూడకుండా మెట్లు దిగి వెళ్ళిపోయాడు. హాలు పోగొట్టుకున్నవాడు అతను. పరువుతో బయటికి వెళ్ళిందీ అతనే.

మా జట్టు సెల్లార్లోకి దిగింది. రెండు స్కూటర్ల మధ్య స్టూలు వేసి, దానిమీద బోర్డు పెట్టి ఆడేవాళ్ళం. దోమలు మాకంటే మంచి ఎత్తులు వేసేవి. ఆలోచనలో ఉండగా ఎవరో కారు తీయాలంటే, రాజుకి చెక్ ఉన్నా సరే, అందరం లేచి స్టూలుతో సహా పక్కకి జరగాల్సి వచ్చేది. యాదగిరి వచ్చేవాడు. మిగతా నలుగురితో ఆడేవాడు. నాతో మాత్రం మాట్లాడలేదు. నేను మూడుసార్లు క్షమాపణ చెప్పాను. మూడుసార్లూ అతను గుర్రాన్ని జరిపాడు.

అలా ఉండగా ఒక ఆదివారం పాటల సాధన ముగించుకుని రూతమ్మగారు ప్లాస్టిక్ కుర్చీ ఒకటి ఈడ్చుకుంటూ కిందికొచ్చారు.

"బాబూ, ఆ ఐదు ఎత్తులూ నాకూ నేర్పాలి. అవి నా మనసులోంచి పోవడం లేదు."

సిగ్గుతో చచ్చిపోతూనే మొదలుపెట్టాను. "ముందు గుర్రం."

"గుర్రమే ఎందుకు?"

"అంటే, అది మొదటి ఎత్తు కాబట్టి."

"మొదట ఒంటె ఎందుకు కాకూడదు?"

"అది మూడో ఎత్తు టీచర్‌గారూ."

పక్కన ఆడుకుంటున్న యాదగిరి భుజాలు కదలడం చూశాను. కాసేపు బిగబట్టుకున్నాడు గాని, వల్ల కాలేదు. ఫక్కున నవ్వి, "గదే అన్నా, నేను సుత నిన్ను నెల నుంచి అడుగుదమనుకుంటున్న. ఎందుకు?" అన్నాడు. అన్ని వారాల తర్వాత నాతో అతనన్న మొదటి మాట అది. ఎందుకో నాకు తెలియదని చెప్పాను. ఆ జవాబుకి నాకెంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

ముగ్గురం బోర్డు మీదికి వంగి కూర్చున్నాం. గుర్రం ముందుగా వస్తే తెల్లవాళ్ళ రెండో బంటు అంత ధైర్యంగా మధ్యలోకి రాలేకపోతుందని యాదగిరి కనిపెట్టాడు. ఆ సందులో కూర్చున్న ఒంటె, ఎదురుగా ఎవరూ లేనప్పుడు, అవతలి మూలదాకా కాపు కాస్తుందని టీచర్‌గారు వేలితో గీసి చూపించారు. ఇంతకీ ఈ పద్ధతి గొప్పతనమంతా ఏదీ ముందే తేల్చుకోకపోవడంలోనే ఉందట. ఎదుటివాళ్ళు ఎటు వస్తే దాన్నిబట్టి మనం ఎటైనా తిరగొచ్చు. అంత మెత్తగా వంగే పద్ధతిని నేను ఇనపకడ్డీలా బిగించి, దానిమీద ఒక గుడ్డివాణ్ణి కూర్చోబెట్టాను.

చీకటి పడుతుంటే టీచర్‌గారు లేచి, "ఇక్కడ కూర్చుంటే నా కళ్ళు పోతాయి. మా సాధన కాస్త ముందుకి జరుపుతాను. అది కాగానే హాలు మీది. నన్ను కూడా చేర్చుకోవాలి" అన్నారు. యాదగిరి పెట్టె తీసుకుని ఎంత గబగబా మెట్లెక్కాడంటే, ఒక బంటు సెల్లార్లోనే ఉండిపోయింది.

క్రిస్మస్ వెళ్ళాక అదే హాల్లో, అదే బల్ల మీద, టీచర్‌గారూ నేనూ మళ్ళీ ఆడాం. ఈసారి నల్లపావులు ఆవిడవి. నేను మంత్రి బంటుని తోశాను. ఆవిడ కింగ్స్ ఇండియన్ కట్టారు. ప్రతి ఎత్తుకీ ముందు కళ్ళజోడు సవరించుకుని బోర్డంతా ఒకసారి చూసి మరీ కట్టారు. నేనూ తక్కువ తినలేదు. కుర్చీ తిన్నగా వేసుకున్నాను. ఎవరితోనూ మాట్లాడలేదు. టీ కూడా వద్దన్నాను. రెప్ప వేయకుండా, మొదటినుంచి చివరిదాకా ప్రతి గడినీ చూశాను. దానివల్ల ఎంతో మేలు జరిగింది. ఎలా ఓడిపోతున్నానో ఈసారి చాలా స్పష్టంగా కనిపించింది.

కాబట్టి ప్రభాకర్ అనబడే నేను, భార్యాసమేతంగా, సంపూర్ణమైన వివేకంతో, అరవైనాలుగు గళ్ళ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట బోర్డుకి పక్కకి తిరిగి ఉపన్యాసం ఇవ్వను. ఎవరి ఆదివారాన్నీ వాళ్ళనడక్కుండా పందెంలో పెట్టను. నా ఏనుగు ప్రాణాలతో ఉందని రూఢి చేసుకోనిదే నా రాజుని కదపను. శత్రువుల ఒంటె ఎంత తెల్లగా, ఎంత బుద్ధిమంతురాలిగా కనిపించినా సరే, దాన్ని మాత్రం నా ఇంట్లో ఉద్యోగంలో పెట్టుకోను.